నాలుగు పాయింటు సున్నా

మార్చి 4

బావ ఈ రోజు నా బల్ల అంచున కూర్చుని గోళ్ళు కత్తిరించుకున్నాడు. ఒక ముక్క ఎగిరొచ్చి కీబోర్డులో పడింది. ఇంట్లో బావ, ఆఫీసులో సార్. రెండు చోట్లా అవే గోళ్ళు. అక్క ఈ మనిషితో పదకొండేళ్ళుగా ఎలా వేగుతోందో! వాళ్ళింట్లో వెనక గదిలో ఉంటూ, ఆయన ఇప్పించిన ఉద్యోగం చేస్తూ ఇలా అనుకోవడం తప్పే. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ అనుకోను?

టీకా మందుల చల్లగదుల ప్రోగ్రాము రెండు ఊళ్ళలో బాగానే నడుస్తోంది. పది నిమిషాలకోసారి గది వేడి చదివి తెర మీద చూపిస్తుంది, ఫైల్లో రాసుకుంటుంది. రెండు డిగ్రీల కిందికి దిగినా, ఎనిమిది దాటినా గంట కొడుతుంది. మూడో ఊళ్ళో మిషను వేరే కంపెనీది. దాన్ని నడిపే వ్యవస్థా యూనిక్సే, కాకపోతే ఒక తల్లి పిల్లలే అయినా తలో తీరు. "ఒకే ప్రోగ్రాము, ఏ యూనిక్స్ మీదైనా నడుస్తుంది" అని బావ ఒప్పందంలో రాసిచ్చేశాడు. రాయడం ఆయన వంతు, ప్రతి మిషను మీదా కూర్చుని అతికించడం నా వంతు. ఆఫీసులో నాకు అతుకులమ్మ అని పేరు.

ముక్కలన్నీ విడివిడిగా కంపైలయ్యాయి. వాటిని కలిపే లింకరు దగ్గర ఆగింది. ఒకే ఒక్క ఫిర్యాదు: రీడ్‌టెంప్ అనే పేరు, గది వేడి చదివే ముక్కది, ఎక్కడా దొరకలేదట. అది వేడి కొలిచే పెట్టె తయారుచేసినవాళ్ళ లైబ్రరీలో, అంటే వాళ్ళు రాసిచ్చే ముక్కల కట్టలో, ఉండాలి. ఈ రకం మిషనుకి వాళ్ళు లైబ్రరీ ఇంకా చేయలేదు. నెల పడుతుందట.

మార్చి 5

ముఖం అలా పెట్టుకున్నావేమే అని అక్క అడిగింది. ఆమె మిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కుడుతోంది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలని చూశాను.

"ముక్కలన్నీ కత్తిరించి పెట్టానక్కా. కుట్టేది లింకరు. ఇక్కడ కాలరు వేయాలి అని గుర్తుంది. కాలరు ముక్క మాత్రం లేదు."

"లేకుండా కుట్టేయమను."

"కుట్టదు. ఫలానాది లేదు అని చెప్పి సూది కింద పెట్టేస్తుంది."

"నా మిషను కంటే దానికే బుద్ధుంది," అని నవ్వింది.

నేనూ నవ్వాను. అంతలో బావ వచ్చి, చెప్పులు విప్పకుండానే సోఫాలో కూలబడి, జుర్రుమంటూ టీ తాగడం మొదలుపెట్టాడు. లేచి నా గదిలోకి వచ్చేశాను.

మార్చి 6

పన్నెండో తారీఖున మూడో ఊళ్ళో ప్రదర్శన. పెద్ద డాక్టరు వస్తాడట. లైబ్రరీ లేదు సార్ అన్నాను.

"ఏదో ఒక అంకె చూపించు. నాలుగు చూపించు. నాలుగైతే ఎవరికీ బెంగ ఉండదు."

"అంటే, గది వేడి చదవకుండానే?"

"నెల రోజుల మాటే కదమ్మా. లైబ్రరీ రాగానే మార్చేస్తాం. నేనేమైనా ఉంచేయమన్నానా?"

చెవిలో పెన్ను మూత తిప్పుకుంటూ అన్నాడీ మాట. తిప్పి, మూత వైపు చూసి, మళ్ళీ పెన్నుకి పెట్టాడు. అదే పెన్నుతో నా సెలవు చీటీ మీద సంతకం చేశాడు.

మార్చి 7

రాశాను. నాలుగు వరసలు. రీడ్‌టెంప్ అని పేరు పెట్టి, ఎవరు ఎప్పుడు పిలిచినా నాలుగు పాయింటు సున్నా అని చెప్పమన్నాను. ఫైలుకి డూప్ అని పేరు పెట్టాను. హీరో బదులు దూకేవాడిని అలాగే అంటారు కదా. ఏయే ముక్కలు కలపాలో లింకరుకి చెప్పే లింకు వాక్యంలో మిగతా ముక్కల పక్కన దాన్నీ చేర్చాను. లింకరు కిక్కురుమనలేదు. పేరు చెబితే చాలు గేటు తీసేసే కాపలావాడి లాంటిది అది. ఆ పేరు పెట్టుకుని వచ్చిందెవరన్నది దానికి పట్టదు.

ఇంటికొచ్చి స్నానం చేశాను. రాసింది నేనే అయినా మురికి ఆయనది.

మార్చి 12

ప్రదర్శన అయింది.

చల్లగది చూసుకునేది ఒక పెద్దావిడ. స్టోరమ్మ అంటారట అందరూ. మోకాళ్ళ దాకా మగవాళ్ళ స్వెటరు, చెవులకి ఉన్ని గుడ్డ. పదమూడేళ్ళుగా పొద్దునా సాయంత్రమూ గోడ మీది థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తోంది. చుక్కల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. మందు పెట్టెల మధ్య సన్నటి దారి వదిలి, ఏది ముందు వాడాలో దాన్ని ముందు పెట్టుకుంది. మా ఆఫీసు మొత్తం మీద ఇంత శుభ్రమైన మూల ఒక్కటి లేదు.

తెర మీద 4.0 వెలిగింది. పెద్ద డాక్టరు చప్పట్లు కొట్టాడు. స్టోరమ్మ మాత్రం గది తలుపు బార్లా తీసి, తెర దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు.

"తలుపు తీసినా కదలడం లేదేమండీ?"

బావ తడుముకోలేదు. "కొత్త మిషను కదమ్మా. చిన్న చిన్న గాలికి బెదరదు."

ఆవిడ నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"అయితే ఇక ఈ పుస్తకం ఎందుకు?" అన్నాడు పెద్ద డాక్టరు. "రెండు లెక్కలుంటే రోజూ తగువే." థర్మామీటరు గోడ మీంచి తీయించేశాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు. మేకు మాత్రం అలాగే ఉంచమంది.

తిరుగు ప్రయాణంలో నాలుగు గంటలు బావ పక్కన. కారు కిటికీలు మూసి పాటలు పాడాడు.

మార్చి 15

బావ తుమ్మితే చేయి అడ్డం పెట్టుకోడు.

ఏప్రిల్ 3

లైబ్రరీ వచ్చింది! ఫోన్లు చేసి చేసి సాధించింది నేనే. వెంటనే కూర్చుని లింకు వాక్యం చివర దాన్ని చేర్చాను. ఒక్క తప్పు కూడా చూపించలేదు. కొత్త ప్రోగ్రాము డిస్కులో పెట్టి మూడో ఊరికి పంపించేశాను, అక్కడి గుమాస్తా ఎక్కించుకుంటాడు. డూపు పీడ వదిలింది. పదిహేను రోజులకి ఈ రోజు కడుపు నిండా తిన్నాను.

వేడి కొలిచే పెట్టె మా దగ్గర లేదు, కాబట్టి ఇక్కడ నడిపి చూడడం కుదరదు. శుక్రవారం తనకి అటువైపు పని ఉందట, "రా, ఒకసారి అక్కడే కళ్ళారా చూసొద్దాం" అన్నాడు బావ. చూద్దాం అన్నాను. మళ్ళీ నాలుగు గంటలా, ఆ కారులో, ఆ మనిషి పక్కన!

ఏప్రిల్ 5

వెళ్ళలేదు. జలుబు అని చెప్పాను. నిజంగానే ముక్కు కొంచెం బరువుగా ఉంది.

ఏప్రిల్ 19

స్టోరమ్మ ఆఫీసుకి ఫోన్ చేసిందట. "గది మరీ చల్లగా అనిపిస్తోంది, తెర మీద నాలుగే ఉంది, ఒకసారి చూస్తారా" అని. ఫోన్ తీసినమ్మాయి చీటీ రాసి నా బల్ల మీద పెట్టింది. వయసు మీద పడ్డవాళ్ళకి చలెక్కువ. వచ్చేవారం చేస్తాను.

మే 14

భోజనాల దగ్గర బావ చెప్పాడు, నోట్లో ముద్ద పెట్టుకునే.

మూడో ఊళ్ళో చల్లగదిలో మందంతా గడ్డకట్టి పాడైంది. ఒక ఆస్పత్రిలో నర్సు సీసా ఊపి చూస్తే అడుగున పెళ్ళలు పెళ్ళలుగా ఉందట. ఒకసారి గడ్డకట్టి కరిగితే ఆ మందుకి బలం ఉండదు. అప్పటికే కొంతమంది పసిపిల్లలకి వేసేశారు. హాని ఏమీ లేదట, కానీ రక్షణా లేదు.

"మరి గంట కొట్టలేదా?" అంది అక్క.

"కొట్టడానికి గదిలో ఏమీ తేడా లేదు కదా! మన ఫైలంతా అచ్చు తీశారు. తొమ్మిది వేల వరసలు. ప్రతి వరసా నాలుగే. గది బాగానే ఉంది కాబట్టి, ఆ స్టోరమ్మే మందుని మంచు పెట్టెలో పెట్టి మరిచిపోయింది అని తేల్చారు. ఉద్యోగంలోంచి నిలిపేశారు. మన ప్రోగ్రాము లేకపోతే దొరికేదే కాదట. పెద్ద డాక్టరు మెచ్చుకున్నాడు."

పళ్ళ సందున మెతుకు. ఆ మెతుకునే చూస్తూ కూర్చున్నాను.

"ఆ డూపు తీసేశావుగా?" అని అడిగాడు, నీళ్ళు తాగుతూ.

"తీసేశాను."

మే 15

తీసేశాను. నాకు బాగా గుర్తు.

మే 16

ఏప్రిల్ 3 తీసి చదివాను. "చివర చేర్చాను" అని ఉంది. తీసేసినట్టు ఎక్కడా లేదు.

చేర్చడమంటే తీసేయడమే కదా. తీయకపోతే ఒకే పేరు ఇద్దరికుందని లింకరు గోల పెట్టి ఉండేది. పెట్టలేదు. కాబట్టి తీసేసే ఉంటాను.

తొమ్మిది వేల వరసలు. ప్రతి వరసా నాలుగే. తలుపు రోజుకి పదిసార్లు తీసే గది.

మే 17

అందరూ టిఫిన్‌కి వెళ్ళాక లింకు వాక్యం తెరిచాను. డూప్ అలాగే ఉంది. వరసలో ఏడోది. లైబ్రరీ చివర.

ఏ పేరు ఏ ముక్కలోంచి తెచ్చావో జాబితా రాయమంటే లింకరు రాసిస్తుంది. రాయమన్నాను. రెండు సెకన్లు పట్టింది. రీడ్‌టెంప్: డూప్.

గోల ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. నేను నలుగురికి పాఠం చెప్పిన సంగతే. లింకరు ఎడమ నుంచి కుడికి వస్తుంది. వాక్యంలో పేరు పెట్టి ఇచ్చిన ముక్కల్ని ఉన్నవున్నట్టు తీసుకుంటుంది. లైబ్రరీ దగ్గరికొచ్చాక, ఇంకా దొరకని పేర్లు ఉంటేనే లోపల వెతుకుతుంది. డూపు ముందే చేయెత్తి "నేనున్నాను" అంది. లైబ్రరీలో అసలు మనిషి కూర్చునే ఉన్నాడు, అతన్ని పిలిచే అవసరమే రాలేదు.

దానికి నేను ఏం చెప్పానో అదే చేసింది. డూపు పెట్టమన్నది బావ. తీయనిది నేను. వెళ్ళి చూద్దాం రమ్మన్నదీ బావే. ఆయన పక్కన కూర్చోవడం రోత అని జలుబు తెచ్చుకున్నది నేను. ఏప్రిల్ చీటీ ఇంకా సొరుగులో ఉంది. కాఫీ కప్పు దాని మీదే పెడుతున్నాను, గుండ్రంగా మరక పడింది.

ఛీ.

మే 18

బావతో చెప్పాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. లేచి తలుపు వేశాడు.

"ఎవరికైనా తెలుసా?"

"లేదు."

"అయితే ఇప్పుడు సరిగ్గా లింకు చేసి పంపించు. ఏదో చిన్న మార్పు అని చెబుదాం. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది."

"ఆవిడ ఉద్యోగం?"

"రెండేళ్ళలో ఎలాగూ దిగిపోతుంది." కొంచెం ఆగి, "నేను వెళ్దాం రమ్మన్నాను. నువ్వే రాలేదు. అది గుర్తుంచుకో," అన్నాడు.

గుర్తుంది. అందుకే ఈ రోజు ఆయన్ని అసహ్యించుకోవడం కూడా సరిగ్గా కుదరలేదు.

మే 20

సరిగ్గా లింకు చేశాను. పంపలేదు.

మే 22

పంపలేదు. చెరపలేదు. ఎవరితోనూ చెప్పలేదు. అద్దంలో నా నోరు చూస్తే కప్పనోరులా ఉంది.

మే 27

అక్కకి చెప్పాను. ఆమె ఏదో కుట్టు విప్పుతోంది. దారాలు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంటూ చివరిదాకా వింది.

"నేను వెళ్ళి చెప్పేస్తే బావ పేరు కూడా వస్తుందక్కా. ఏం చేయమంటావు?"

"నన్నెందుకు అడుగుతున్నావు?"

"నీ సంసారం కదా."

"అది ఇప్పుడు గుర్తొచ్చిందా? నా చేత వద్దనిపించుకుని, వద్దన్నది మా అక్క అనుకుంటూ తిరుగుదామనా?" కత్తెర బల్ల మీద పెట్టింది. "నేను వద్దననూ, వెళ్ళమననూ. నీ కాళ్ళు, నీ ఇష్టం. అయితే ఒకటి. వెళ్ళేదానివైతే తిరిగి ఈ ఇంటికి రాకు. ఆయన ముఖమూ నీ ముఖమూ ఒకే బల్ల దగ్గర నేను చూడలేను."

తాటిచెట్టెందుకెక్కావంటే దూడ గడ్డికోసం అన్నాడట వెనకటికొకడు. పది రోజులుగా నేను చెబుతున్నది అదే. అక్క కోసం ఆగానట!

జూన్ 3

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బస్సెక్కాను. లింకరు రాసిచ్చిన జాబితా, డూపు ఫైలు అచ్చు, ఏప్రిల్ చీటీ సంచిలో పెట్టుకున్నాను. స్టోరమ్మ ఉండేది మూడో అంతస్తులో ఒక గది. మెట్ల మీద ఎవరో ఉమ్మిన మరకలు. ఆమె గడప మాత్రం తడిగుడ్డతో తుడిచి ఉంది.

నన్ను గుర్తుపట్టింది. "కంప్యూటరు అమ్మాయి కదూ? రామ్మా, రండి," అంటూ కుర్చీ మీది బట్టలు తీసింది. నేను కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మీరు అడగడానికొచ్చారని నాకు తెలుసు. నేనూ అదే ఆలోచిస్తున్నాను. మంచు పెట్టెలో ఎప్పుడు పెట్టానో ఎంతకీ గుర్తు రావడం లేదమ్మా. పెట్టలేదనే అనిపిస్తుంది. కానీ మిషను అబద్ధమాడదు కదా. నాకే మతి పోతోందేమో. నిన్న పాలు పొయ్యి మీద పెట్టి, పెట్టానా లేదా అని మూడుసార్లు లేచి చూశాను."

నేను పొద్దున్నుంచి వాక్యాలు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ పనికిరాలేదు.

"మీరు పెట్టలేదు. గదే గడ్డకట్టింది. తెర మీద నాలుగు అబద్ధం. అది నేను రాసిన అంకె."

ఆవిడ చేతిలో బట్టలు అలాగే ఉన్నాయి.

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"ఆ రోజు నేను తలుపు తీశాను. మీ సారుని అడిగాను."

"అడిగారు."

"నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"తరవాత ఫోన్ కూడా చేశాను."

చీటీ తీసి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, మరక చుట్టూ ఉన్న మాటలు చదివింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అదీ నా సుఖానికే.

"మూడు వారాలు," అంది. "మూడు వారాలుగా నాకు మతి పోతోందనుకున్నాను. మా అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటోంది. అలా అనుకోనిచ్చావు నన్ను."

బట్టలు మంచం మీద పడేసి చెప్పులు వేసుకుంది. నా మణికట్టు పట్టుకుంది. ఎముక దాకా తెలిసింది ఆ పట్టు.

"పద."

పెద్ద డాక్టరు గది దాకా నడిపించింది. ఆయన అంతా విని, జాబితా తిరగేసి చూసి, "రాసివ్వండి," అన్నాడు.

రాశాను. ఆయనకి ఇవ్వబోతుంటే స్టోరమ్మ చేయి చాచింది. "ముందు నేను చదవాలి." ఆయన తల ఊపాడు.

మొదటి వాక్యం దగ్గరే ఆగింది. "'పొరపాటున' అని రాశావేం?"

"తీయడం మరిచిపోయాను కదండీ. అది పొరపాటే..."

"తీయడం మరిచావు. వచ్చి చూడడం మరిచావా? ఫోన్ మరిచావా? తెలిశాక ఈ రెండున్నర వారాలూ మరిచావా? ఏం చేశావో అది రాయి. దానికి పేరు వాళ్ళు పెడతారు."

కొట్టేశాను. ఇంకొంచెం చదివింది.

"'మా సార్ చెప్పినందువల్ల.' ఇది నిజమేనా?"

"డూపు పెట్టమన్నది ఆయనే. ఉంచేయమనలేదు. తెలిశాక దాచేద్దామన్నాడు. పద్దెనిమిదో తారీఖు నుంచి దాచింది మాత్రం నేను."

"అయితే ఏ మాట ఎవరిదో ఆ మాట వాళ్ళకే రాయి."

నాలుగుసార్లు తిరగరాశాను. మొత్తం కలిపి ముప్పావు పేజీ. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. రాయించింది ఆవిడ.

జూన్ 5

స్టోరమ్మని తిరిగి పనిలోకి తీసుకున్నారు. చల్లదనం సరిచేసే మీట విరిగి రెండు నెలలుగా గది సున్నా కిందికి దిగుతోందని మిస్త్రీ తేల్చాడు. మా ఆఫీసు నన్ను తీసేసింది. బావని తీయలేదు, కుర్చీ మార్చారట. మూడో ఊళ్ళోనే సత్రంలో దిగాను, నా బట్టలు రెండు పెట్టెల్లో సర్ది అక్క ఇక్కడికి బస్సులో వేయించింది. ఉత్తరం పెట్టిందేమోనని మడతలన్నీ విప్పి చూశాను. లేదు. చిరిగి ఉన్న నా రెండు జాకెట్లు మాత్రం కుట్టి ఉన్నాయి.

జూన్ 7

పాడైన మందు పడ్డ పిల్లలు మూడువందల ఎనభై ఆరుమంది. అందరినీ మళ్ళీ పిలిపించి మళ్ళీ వేయాలి. ఫోన్లు చేయడానికి మనుషులు లేరని పెద్ద డాక్టరు అంటుంటే, స్టోరమ్మ నా వైపు చేయి చూపించింది. "ఈవిడ చేస్తుంది. ఖాళీగానే ఉంది."

చల్లగది పక్కన బల్ల ఇచ్చారు. "పిల్లాడికి ఇంకోసారి టీకా వేయాలి, తీసుకురండి" అని చెబితే చాలన్నాడు గుమాస్తా. పొద్దున అలాగే చెప్పాను, పదిమందికి. పదకొండో ఆవిడ ఊరుకోలేదు.

"ఎందుకండీ? మొన్ననే కదా వేశారు. రెండు రోజులు జ్వరంతో గుక్కపట్టి ఏడ్చాడు నా కొడుకు. మళ్ళీ ఎందుకు?"

తలుపు దగ్గర స్టోరమ్మ పెట్టెలు లెక్కపెట్టుకుంటోంది. నా వైపు చూడలేదు.

"ఆ మందు పాడైందమ్మా. పాడైనట్టు తెర మీద కనిపించాలి. కనిపించకుండా చేసింది నేను."

ఫోన్లో వెనక ఎక్కడో నీళ్ళ కుళాయి, పసిబిడ్డ ఏడుపు.

"నువ్వా?"

"నేనే."

"సిగ్గులేదూ?"

"ఉందండీ."

నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తిట్టింది. ఫోన్ చెవి నుంచి తీయలేదు. ఆమెకి మాటలు అయిపోయి ఊపిరి తీసుకుంటోంది. పెట్టేస్తుందనుకున్నాను.

"ఎన్ని గంటలకి తీసుకురావాలి?" అని అడిగింది.